డాలస్ ఉత్తరాన యాంటెన్నాతో ఉచిత టీవీ: 8వ ఛానెల్ అసలు దొరకట్లేదు, 5 సాయంత్రమయ్యేసరికి విరిగిపోతోంది

ఫ్రిస్కో_మేడ

అందరికీ నమస్కారం. ఫ్రిస్కోలో 2016లో కట్టిన రెండంతస్తుల ఇటుక ఇల్లు. పై గది కిటికీకి పల్చటి రేకులాంటి ఇండోర్ యాంటెన్నా అతికించి ఉంది. డబ్బా మీద 60 మైళ్లని రాశారు. 4, 11, 13 బాగానే వస్తున్నాయి. 5 పగలంతా బాగుండి, సాయంత్రం బొమ్మ గడులు గడులుగా విరిగి ఆగిపోతోంది. 8 ఎన్నిసార్లు స్కాన్ చేసినా లేదు.

గదిగదికీ ఆర్‌జీ-6 కేబుల్ ముందే లాగి ఉంది, అన్నీ లాండ్రీ గదిలోని పెట్టె దగ్గర కలుస్తాయి. మొత్తం నాలుగు టీవీలకు ఇవ్వాలి. సిగ్నల్ పెంచే ఆంప్లిఫయర్ కొంటే సరిపోతుందా? యాంటెన్నా అటకలో పెట్టాలా, బయటా? బయట పెడితే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు తీయమంటారా?

డెసిబెల్_దాసు

ఆంప్లిఫయర్ ఇప్పుడే కొనకండి. 8, 5 రెండూ ఒకే జబ్బు కాదు, మందూ ఒకటి కాదు.

టీవీ తెర మీద కనిపించే అంకె వేరు, గాల్లో వచ్చే ఛానెల్ వేరు. అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ 2009 జూన్ 12 నాటికి అనలాగ్ ఆపేశాయి. మొదట ఫిబ్రవరి 17 అనుకున్నారు, తరవాత వాయిదా వేశారు. ఆ మార్పులో చాలా స్టేషన్లు వేరే ఫ్రీక్వెన్సీకి వెళ్లినా, జనానికి అలవాటైన పాత అంకెనే తెర మీద ఉంచుకున్నాయి. ఆ తరవాత 38 నుంచి 51 దాకా ఛానెళ్లను వేలంలో ఫోన్ కంపెనీలకు ఇచ్చేశారు. 2020 జులైకల్లా మిగిలిన స్టేషన్లన్నీ 36 లోపు సర్దుకున్నాయి.

మీ దగ్గర లెక్క ఇది: 4 అని కనిపించేది 35 మీద వస్తుంది. 5 వచ్చేది 24 మీద, 11 వచ్చేది 19 మీద, 13 వచ్చేది 14 మీద. ఇవన్నీ యూహెచ్‌ఎఫ్, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ, పొట్టి తరంగాలు. 8 మాత్రం నిజంగానే 8 మీద ఉంది, అంటే హై వీహెచ్‌ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీ, పొడుగు తరంగాలు), 180 నుంచి 186 మెగాహెర్ట్జ్. ఆ తరంగం పొడవు 1.64 మీటర్లు. దాన్ని సరిగ్గా పట్టాలంటే సగం తరంగం పొడవు కన్నా కాస్త తక్కువ, అంటే దాదాపు 78 సెంటీమీటర్ల లోహం కావాలి. మీ కిటికీ మీద ఉన్నది ఓ 30 సెంటీమీటర్లు ఉంటుందేమో. 24వ ఛానెల్ సగం తరంగం 28 సెంటీమీటర్లే కాబట్టి యూహెచ్‌ఎఫ్‌కి అది సరిపోయింది, 8కి సరిపోలేదు. అందని సిగ్నల్‌ని ఏ ఆంప్లిఫయరూ తెచ్చిపెట్టలేదు.

పైసా ఖర్చు లేకుండా తేల్చుకునే పద్ధతి ఉంది. లాగితే సాగే రెండు కడ్డీల పాతకాలపు చెవుల యాంటెన్నా ఎవరి దగ్గరైనా దొరికితే తెచ్చుకోండి. ఒక్కో కడ్డీ 15, 16 అంగుళాలు లాగండి. రెంటినీ నిలువుగా వీ ఆకారంలో కాకుండా నేలకు సమాంతరంగా, చేతులు చాపినట్టు పరచండి. కడ్డీల వెడల్పు టవర్లున్న దక్షిణం వైపు తిరిగి ఉండాలి, కొసలు కాదు. అలా దక్షిణపు కిటికీ దగ్గర పెట్టి స్కాన్ చేయండి. 8 దొరికిందంటే జబ్బు తెలిసినట్టే.

60 మైళ్ల సంగతికొస్తే, ఆ అంకెను ఏ ప్రమాణం ప్రకారమూ కొలవరు. కొనేటప్పుడు దాన్ని పట్టించుకోకండి. యూహెచ్‌ఎఫ్‌తో పాటు హై వీహెచ్‌ఎఫ్ (7 నుంచి 13) ఉందా లేదా అన్నదే చూడండి.

పాత_ట్రాన్సిస్టర్

5 గురించి నేను చెబుతాను. అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గితే బొమ్మలో చుక్కలు పెరిగేవి, అయినా చూడగలిగేవాళ్లం. డిజిటల్‌లో అలా మెల్లగా పాడవడం ఉండదు. సిగ్నల్ నాయిస్ (రొద) కన్నా దాదాపు 15 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలంలో తేడాని చెప్పే కొలత) పైన ఉన్నంతసేపు బొమ్మ అద్దంలా ఉంటుంది. 14కి జారితే ఏమీ ఉండదు. గట్టు అంచున నిలబడినట్టు. మీ 5 బహుశా గట్టుకి ఒకటి రెండు డీబీల పైన ఉంది. పగలు సరిపోతోంది, సాయంత్రం ఏదో కొద్దిగా తగ్గగానే పడిపోతోంది.

ఆ ఏదో ఏమిటనేది ఇంటింటికీ మారుతుంది. సాయంత్రం ఇంట్లో మనుషులు కిటికీకీ టీవీకీ మధ్య తిరుగుతారు, ఇండోర్ యాంటెన్నాకి అదే చాలు. సూర్యాస్తమయం తరవాత నేల చల్లబడి, పైన గాలి వెచ్చగా ఉండిపోయినప్పుడు దూరపు ఊళ్లలోని అదే ఛానెల్ సిగ్నల్ ఇక్కడిదాకా వచ్చి అడ్డుపడుతుంది. గోడలకు తగిలి ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వనులు ఉండనే ఉన్నాయి. వీటన్నిటికీ మందు ఒకటే: యాంటెన్నాని బయటికి, ఎత్తుకి తీసుకెళ్లి గట్టుకి 10, 15 డీబీల దూరంలో నిలబెట్టడం.

విరిగిపోవడం క్రమం తప్పకుండా కొన్ని నిమిషాలకోసారి వచ్చి పోతుంటే మాత్రం విమానాలేమో చూడండి. మీ స్టేషన్ల టవర్లున్న సీడర్ హిల్‌కీ ఫ్రిస్కోకీ మధ్య దారిలోనే లవ్ ఫీల్డ్ విమానాశ్రయం ఉంది.

రాగితీగ

చిన్న మాట. స్కాన్ మొదలుపెట్టే ముందు టీవీ సెట్టింగుల్లో యాంటెన్నా ఎంచుకున్నారో, కేబుల్ ఎంచుకున్నారో చూసుకోండి. కేబుల్ మీద ఉంటే యూహెచ్‌ఎఫ్ ఫ్రీక్వెన్సీల లెక్క వేరుగా ఉంటుంది, దొరకాల్సినవి దొరకవు. పాత జాబితా అంటుకుపోయి ఉంటే కేబుల్ పీకేసి ఒకసారి ఉత్తినే స్కాన్ చేయండి, జాబితా ఖాళీ అవుతుంది. తరవాత టీవీ ప్లగ్గు ఒక నిమిషం తీసి పెట్టి, కేబుల్ బిగించి మళ్లీ స్కాన్ చేయండి.

మేడమీద_మాస్ట్

అటక అనగానే ఒకటి అడగాలి. అటకలోకి ఎక్కి పైకప్పు చెక్కల అడుగు భాగం టార్చితో చూడండి. వెండి రేకులా మెరుస్తోందా? టెక్సస్‌లో ఈమధ్య కట్టిన ఇళ్లకు ఎండ వేడి ఆపడానికి అల్యూమినియం రేకు అంటించిన చెక్కలే వేస్తున్నారు. అది వేడితో పాటు రేడియో తరంగాల్నీ ఆపేస్తుంది. అక్కడ యాంటెన్నా పెడితే ఇనప పెట్టెలో పెట్టినట్టే, 10 నుంచి 20 డీబీ పోయినా ఆశ్చర్యం లేదు. రేకు లేకపోతే అటక మంచి చోటే, వానా గాలీ బెడద ఉండదు.

ఫ్రిస్కో_మేడ

చూశాను, మెరుస్తోంది. పైకప్పు మొత్తం రేకే. చెవుల యాంటెన్నా దక్షిణపు కిటికీ దగ్గర పెడితే 8 స్కాన్‌లో వచ్చింది, కానీ నిలకడగా లేదు. అయితే బయటే పెట్టాలన్నమాట. ఎలాంటిది కొనాలి? ఎటు తిప్పాలి?

మేడమీద_మాస్ట్

దిక్కు సులువు. మీ ప్రాంతపు పెద్ద స్టేషన్ల టవర్లన్నీ దాదాపు సీడర్ హిల్‌లోనే గుంపుగా ఉన్నాయి. ఫ్రిస్కో నుంచి సుమారు 40 మైళ్లు, దక్షిణానికి కాస్త పడమరగా. ఫోన్‌లోని దిక్సూచిలో 190 డిగ్రీల దగ్గర పెట్టి మొదలుపెట్టండి. టవర్లు దాదాపు 1,500 అడుగుల ఎత్తున్నవి. అడుగుల్లో ఎత్తుని రెట్టింపు చేసి వర్గమూలం తీస్తే రేడియో కనుచూపు దూరం మైళ్లలో వస్తుంది, అంటే 55 మైళ్లకు దగ్గరగా. మీరు ఆ లోపలే ఉన్నారు. ఒక్క దిక్కునే పట్టే యాంటెన్నా తీసుకోండి, తిప్పే మోటారు అక్కర్లేదు.

రకం విషయంలో రెండు దారులున్నాయి. ఒకటి, యూహెచ్‌ఎఫ్, హై వీహెచ్‌ఎఫ్ కలిసి ఉన్న చేపముల్లు ఆకారపు యాంటెన్నా. రెండోది, నాలుగు సీతాకోకచిలుకల్లాంటి ముక్కలు నిలువుగా పేర్చిన యూహెచ్‌ఎఫ్ యాంటెన్నా, దానికి తోడు వీహెచ్‌ఎఫ్ కోసం విడిగా ఒక పొడుగు కడ్డీ. రెండో దారిలో వెళ్తే రెంటినీ కలపడానికి యూహెచ్‌ఎఫ్-వీహెచ్‌ఎఫ్ కంబైనరే వాడండి. మామూలు స్ప్లిటర్ని (ఒక కేబుల్‌ని పలు దారులుగా చీల్చేది) తిప్పి వాడితే రెండు వైపులా 3.5 డీబీ ఊరికే పోతుంది.

ఎక్కడ బిగించాలంటే, దక్షిణపు వైపు త్రికోణపు గోడకి గానీ, చూరు కింద చెక్కకి గానీ జే ఆకారపు గొట్టం. పాత డిష్ గొట్టం మిగిలి ఉంటే అదే పనికొస్తుంది. పెంకుల మధ్య రంధ్రాలు వేయకుండా గడిచిపోతే చాలా మేలు. కరెంటు తీగలకు కనీసం 10 అడుగుల దూరం ఉండాలి. నిచ్చెన పడితే, గొట్టం చేతిలోంచి జారితే అది ఎటు పడుతుందో ముందే చూసుకోండి. ఈ పనికి ఇద్దరుండాలి.

బిగించేముందు ఒక పని తప్పనిసరి. యాంటెన్నాని కర్రకి కట్టి నేల మీద గానీ డాబా మీద గానీ నిలబెట్టి, 25 అడుగుల కేబుల్‌తో సూటిగా ఒక్క టీవీకే కలిపి చూడండి. స్ప్లిటర్ వద్దు, ఆంప్లిఫయర్ వద్దు. టీవీలో సిగ్నల్ మీటర్ తెరిచి ఒక్కో ఛానెల్‌కి అంకె రాసుకోండి. అయిదు డిగ్రీల చొప్పున తిప్పి మళ్లీ రాయండి. ఈ అంకెలు లేకుండా తరవాత ఏది బాగుపడిందో, ఏది పాడైందో మీకే తెలియదు.

రాగితీగ

ఎర్తింగ్ గురించి ఎవరూ చెప్పలేదు, అది వదిలిపెట్టకూడదు. గొట్టాన్ని 10 గేజీ రాగి తీగతో ఇంటి కరెంటు ఎర్త్‌కి కలపాలి. కేబుల్ ఇంట్లోకి దూరే చోట గ్రౌండ్ బ్లాక్ (కేబుల్ పై తొడుగుని ఎర్త్‌కి కలిపే చిన్న ముక్క) పెట్టి దాన్నీ అక్కడికే కలపాలి. గోడ పక్కన విడిగా కడ్డీ పాతి వదిలేయడం తప్పు. పాతితే దాన్ని 6 గేజీ రాగితో ఇంటి ఎర్త్‌కి తప్పక జోడించాలి. లేకపోతే పిడుగు దగ్గర్లో పడ్డప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా మీ టీవీ గుండా ప్రవహిస్తుంది. ఎర్తింగ్ వల్ల నేరుగా పడే పిడుగు ఆగదు. యాంటెన్నా మీద పేరుకునే స్టాటిక్ మాత్రం దిగిపోతుంది.

గాలివాటం

ఇంత దూరానికి మాస్ట్ (యాంటెన్నా గొట్టం) మీద, యాంటెన్నా పక్కనే ప్రీఆంప్లిఫయర్ ఎప్పుడూ పెట్టాల్సిందే. నాలుగు టీవీలంటే మరీను. ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) ఉన్నది తీసుకోండి, పోయేదేముంది?

డెసిబెల్_దాసు

గాలివాటం గారూ, పోయేది ఉంది. లెక్క వేసి చూద్దాం.

ఆర్‌జీ-6 కేబుల్ యూహెచ్‌ఎఫ్‌లో 100 అడుగులకు సుమారు 5 నుంచి 6 డీబీ తింటుంది, 8వ ఛానెల్ దగ్గర 3 డీబీ. రెండు దారుల స్ప్లిటర్ 3.5, నాలుగు దారులది 7, ఎనిమిది దారులది 11 దాకా. ఫ్రిస్కో_మేడ గారింట్లో యాంటెన్నా నుంచి లాండ్రీ గదికి 50 అడుగులు, అక్కడి నుంచి టీవీకి 40 అడుగులు అనుకుందాం. కేబుల్‌కి 5, స్ప్లిటర్‌కి 7, మొత్తం 12 డీబీ నష్టం. రాబిట్‌ఇయర్స్ సైటులో చిరునామా కొడితే ఒక్కో స్టేషన్‌కి సిగ్నల్ మార్జిన్ (గట్టుకి ఎన్ని డీబీల పైన ఉందో) చూపిస్తుంది. అది 35 అనుకోండి. 12 తీసేస్తే 23 మిగిలింది. ఆంప్లిఫయర్ లేకుండానే గట్టుకి 23 డీబీ దూరం. అదే యాంటెన్నా రేకు కప్పు కింద, ఇటుక గోడ వెనక ఉంటే ఇంకో 20 పోయి 3 మిగులుతుంది. ప్రస్తుతం 5కి జరుగుతున్నది ఇదే.

ప్రీఆంప్లిఫయర్ చేసే అసలు పని సిగ్నల్ పెంచడం కాదు, కేబుల్‌లో, స్ప్లిటర్‌లో పోబోయేదాన్ని ముందే పూడ్చడం. దాని నాయిస్ 1 నుంచి 3 డీబీ, టీవీ ట్యూనర్ నాయిస్ 6, 7 డీబీ. ఆ తేడా వల్ల కాస్త లాభం ఉంటుంది. దాన్ని మించి ఎంత గెయిన్ పెంచినా సిగ్నల్‌తో పాటు నాయిస్ కూడా అంతే పెరుగుతుంది. 30 డీబీ గెయిన్ ఉన్నది పెడితే గట్టి స్టేషన్లు ఆంప్లిఫయర్ని ముంచేసి, వాటి కలగాపులగం బలహీనమైన ఛానెళ్ల మీద పడుతుంది. అప్పుడు ఇదివరకు వచ్చినవీ పోతాయి. టవర్లకి ఇంకాస్త దగ్గరైన ప్లేనో, రిచర్డ్‌సన్ వైపు ఇళ్లలో ఇది మరీ ఎక్కువ.

కాబట్టి వరుస ఇది: ముందు ఉట్టి యాంటెన్నా. అంకెలు బాగుంటే నాలుగు దారుల స్ప్లిటర్. దాని తరవాత ఏ గదిలోనైనా తగ్గితే లాండ్రీ పెట్టెలో, స్ప్లిటర్‌కి ముందు 8 నుంచి 15 డీబీల డిస్ట్రిబ్యూషన్ ఆంప్లిఫయర్. మాస్ట్ మీది ప్రీఆంప్ ఆఖరి మెట్టు.

గాలివాటం

లెక్క ఒప్పుకుంటున్నాను. మార్జిన్ 10, 15 మాత్రమే ఉన్న చోట్ల, అంటే డెంటన్ దాటాక, ప్రీఆంప్ నిజంగా కావాలి. అక్కడ కూడా 15 నుంచి 20 డీబీ చాలు. పెట్టేవాళ్లకి ఒక జాగ్రత్త చెబుతాను: ప్రీఆంప్‌కి కరెంటు అదే కేబుల్ గుండా ఇంట్లోంచి వెళ్తుంది. కరెంటు పంపే అడాప్టర్కీ ప్రీఆంప్‌కీ మధ్య మామూలు స్ప్లిటర్ ఉంటే కరెంటు అక్కడే ఆగిపోతుంది. కరెంటు అందని ప్రీఆంప్ సిగ్నల్ని దాటనివ్వదు, అన్ని ఛానెళ్లూ ఒకేసారి పోతాయి. స్ప్లిటర్ తప్పదనుకుంటే కరెంటు దాటించే గుర్తున్న దారిలోనే అడాప్టర్ ఉండాలి.

పాత_ట్రాన్సిస్టర్

దానికి తోడు ఫోన్ టవర్లు. వేలంలో పోయిన ఆ పాత ఛానెళ్ల మీద ఇప్పుడు 617 మెగాహెర్ట్జ్ నుంచి ఫోన్ సిగ్నళ్లు నడుస్తున్నాయి. 36వ ఛానెల్ 608 దగ్గర ముగుస్తుంది. మధ్యలో ఉన్న సందు 9 మెగాహెర్ట్జ్. ఇంటికి దగ్గర్లో టవర్ ఉంటే పాత ప్రీఆంప్‌లు ఆ సిగ్నల్‌కి మునిగిపోతాయి. ఫోన్ సిగ్నళ్లను ఆపే ఫిల్టర్ లోపలే ఉన్న కొత్త రకం తీసుకోండి, లేదా విడి ఎల్‌టీఈ ఫిల్టర్ యాంటెన్నాకీ ప్రీఆంప్‌కీ మధ్య పెట్టండి, ప్రీఆంప్ తరవాత పెడితే ఉపయోగం లేదు. ఫిల్టర్ 700 మెగాహెర్ట్జ్‌కి తయారైన పాతది కాదని, 608 పైన కోసేదని చూసి కొనండి.

8 మీద ఎల్‌ఈడీ బల్బుల దాడి కూడా ఉంటుంది. చవక బల్బులు, గ్యారేజీ తలుపు మోటార్లు, సోలార్ ఇన్వర్టర్లు వీహెచ్‌ఎఫ్‌లో రొద పుట్టిస్తాయి. 8 చూస్తూ ఒక్కో బ్రేకర్ కింద పడేయండి. ఏది పడేస్తే అంకె లేస్తుందో అదే దొంగ.

ఇర్వింగ్_అపార్ట్‌మెంట్

అద్దె అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, బాల్కనీ ఉత్తరం వైపు. మేనేజ్‌మెంట్ యాంటెన్నాలు కూడదంటోంది. మనకేమైనా హక్కుందా? ఉత్తరం బాల్కనీతో పని జరుగుతుందా?

మేడమీద_మాస్ట్

హక్కుంది. ఎఫ్‌సీసీ (అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ) నిబంధన ఒకటి 1996 అక్టోబర్ 14 నుంచి అమల్లో ఉంది. స్థానిక టీవీ యాంటెన్నా మీ సొంత అధీనంలో ఉన్న చోట పెట్టుకోకుండా హెచ్‌ఓఏ గానీ, ఊరి నిబంధన గానీ అడ్డుకోకూడదు. 1999 నుంచి అద్దెవాళ్లకీ వర్తిస్తుంది, కాకపోతే మీరొక్కరే వాడుకునే బాల్కనీ, వసారా వరకే. అందరూ వాడే కప్పు, బయటి గోడ మీవి కావు. గోడకి రంధ్రం వేయొద్దనే హక్కు ఇంటివారికి ఉంది. ఒక మీటరు హద్దు డిష్‌లకి, టీవీ యాంటెన్నాకి పరిమాణపు హద్దు లేదు. సొంత ఇంట్లో గొట్టం కప్పు అంచు నుంచి 12 అడుగులు మించితే మాత్రం అనుమతి అడగొచ్చు. ఫ్రిస్కో_మేడ గారి మూడో ప్రశ్నకీ ఇదే జవాబు. హెచ్‌ఓఏకి ఉత్తరం రాసేటప్పుడు ఓటార్డ్ నిబంధన అని రాయండి, వాళ్లకి ఆ పేరు తెలుస్తుంది.

ఇర్వింగ్ నుంచి సీడర్ హిల్ 16 మైళ్లే, నేరుగా దక్షిణం. బాల్కనీ ఉత్తరమైనా ఎదురు భవనం మీద తగిలి తిరిగొచ్చే సిగ్నల్ దొరకొచ్చు. ముందు బాల్కనీలో, తరవాత ఇంట్లో దక్షిణానికి దగ్గరి గోడ దగ్గర పెట్టి రెండుసార్లు స్కాన్ చేయండి. ఆంప్లిఫయర్ అసలు వద్దు. అంత దగ్గర్లో అది చేసేది చెరుపే. డబ్బాలో ఆంప్లిఫయర్‌తో వచ్చే ఇండోర్ రకాలు కొనివుంటే, దాన్ని తీసేసి కేబుల్ నేరుగా కలిపి చూడండి. చాలామందికి అక్కడే సమస్య తీరిపోతుంది. కేబుల్ బయటినుంచి తేవడానికి జారే తలుపు సందులోంచి దూరే బల్లపరుపు కేబుల్ ముక్క దొరుకుతుంది. దాన్లో ఒకటి రెండు డీబీ పోతుంది, మీ దూరానికి ఫర్వాలేదు.

కొత్త_చూపరి

తెలుగు ఛానెళ్లు ఏమైనా వస్తాయా? మా అమ్మానాన్న వేసవికి వస్తున్నారు.

రాగితీగ

తెలుగు ఛానెళ్లకి ఇంటర్నెట్ దారే చూసుకోండి, దానికోసం యాంటెన్నా పెట్టొద్దు. దీంతో వచ్చేవి స్థానిక వార్తలు, ఆటలు, 13 మీద ప్రభుత్వేతర పబ్లిక్ స్టేషన్, దాని పక్కనే 13.2లో రోజంతా పిల్లల కార్యక్రమాలు. మనవలతో కూర్చునే పెద్దవాళ్లకి అది బాగానే ఉంటుంది.

యాంటెన్నా అసలు విలువ టోర్నడో రోజుల్లో తెలుస్తుంది. ఉత్తర టెక్సస్‌లో గాలివాన రాత్రి ఇంటర్నెట్ పోయినా, ఫోన్ నెట్ మెల్లబడినా, స్థానిక స్టేషన్ల వాతావరణం మనిషి వీధుల పేర్లతో సహా తుపాను ఎటు కదులుతోందో చెబుతూనే ఉంటాడు. బ్యాటరీతో నడిచే చిన్న డిజిటల్ టీవీ ఒకటి, మెట్ల కింద అరలోకి ఒక కేబుల్ లాగి ఉంచండి. అరలో కూర్చుని చెవుల యాంటెన్నాతో పట్టుకోవచ్చనుకుంటే కుదరదు, ఆ అర ఇంటి మధ్యలో ఉంటుంది. అమ్మానాన్నలకి సైరన్ మోగితే ఎక్కడికెళ్లాలో, ఏ ఛానెల్ పెట్టాలో వచ్చిన మొదటి రోజే చూపించండి.

గచ్చిబౌలి_తిరుగుప్రయాణం

దీనికి దగ్గరి ప్రశ్న. ఇక్కడి 65 అంగుళాల టీవీ హైదరాబాద్ తీసుకెళ్తే అక్కడి దూరదర్శన్ యాంటెన్నాతో వస్తుందా?

పాత_ట్రాన్సిస్టర్

రాదు. అమెరికా టీవీ ట్యూనర్ ఏటీఎస్‌సీ పద్ధతిది, మనదేశం డిజిటల్ టెరెస్ట్రియల్‌కి ఎంచుకున్నది డీవీబీ-టీ2. ఒకదానికొకటి అర్థం కావు. పైగా 2016లో దూరదర్శన్ డీవీబీ-టీ2 మొదలుపెట్టిన 16 నగరాల్లో చెన్నై, బెంగళూరు ఉన్నాయి, హైదరాబాద్ లేదు. పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను కూడా తరవాత చాలావరకు మూసేశారు. మనవైపు నెల చందా లేకుండా చూసేవాళ్లకి ఇప్పుడు దారి డీడీ ఫ్రీడిష్. 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 వైపు తిప్పిన 60, 65 సెంటీమీటర్ల డిష్, ఒక సెట్‌టాప్ బాక్స్. యాదగిరి, సప్తగిరి రెండూ అందులో వస్తాయి. ఆ బాక్స్‌ని మీ టీవీకి హెచ్‌డీఎమ్‌ఐతో కలపొచ్చు, ట్యూనర్‌తో పని లేదు.

అంతకన్నా ముందు టీవీ వెనక చీటీ చదవండి. 100 నుంచి 240 వోల్టులని ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. 120 మాత్రమే ఉంటే 230 వోల్టుల్లో పెట్టిన క్షణంలో పవర్ బోర్డు కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాట్లు టీవీ వాట్లకి కనీసం ఒకటిన్నర రెట్లుండాలి. ఓడ కిరాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కలిపి చూస్తే అక్కడే కొనడం నయమని నా అభిప్రాయం.

ఇర్వింగ్_అపార్ట్‌మెంట్

దక్షిణపు పడకగది కిటికీ దగ్గర, ఆంప్లిఫయర్ తీసేస్తే అన్నీ వచ్చాయి, 8తో సహా. కొత్త పద్ధతి ఏటీఎస్‌సీ 3.0 బాక్స్ ఇప్పుడే కొనమంటారా?

డెసిబెల్_దాసు

తొందర లేదు. 3.0ని 2017 నవంబర్‌లో ఎఫ్‌సీసీ ఐచ్ఛికంగా అనుమతించింది. ప్రతిధ్వనుల్ని బాగా తట్టుకుంటుంది, అపార్ట్‌మెంట్లలో నిజమైన లాభమే. కానీ చాలాచోట్ల స్టేషన్లు దానికి తాళం (ఎన్‌క్రిప్షన్) వేస్తున్నాయి, తాళం తీయగల బాక్సే కావాలి. ధ్వని ఏసీ-4లో వస్తుంది, అది తెలియని పరికరంలో బొమ్మ వచ్చి మాట రాదు. మీరు వాడుతున్న యాంటెన్నా, కేబుల్ మాత్రం 3.0కి కూడా అవే, వాటి మీద పెట్టిన డబ్బు ఎటూ పోదు.

రికార్డింగ్ కావాలంటే ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే ట్యూనర్ పెట్టె మంచిది. యాంటెన్నా ఒక్క చోటే దిగుతుంది, వైఫై ద్వారా అన్ని టీవీలకూ వెళ్తుంది, స్ప్లిటర్ గొడవే ఉండదు. ఒక ఛానెల్ మొత్తం సామర్థ్యం సెకనుకి 19.39 మెగాబిట్లు, అంటే గంటకి గరిష్ఠంగా 8.7 గిగాబైట్లు. 13.2 లాంటి సబ్‌ఛానెళ్లతో పంచుకుంటుంది కాబట్టి హెచ్‌డీ ఒక్కటీ దానికన్నా తక్కువే. 1 టెరాబైటు డిస్కులో 120 గంటలకు పైగా పడుతుంది.

ఫ్రిస్కో_మేడ

బిగించాం. చేపముల్లు రకం, దక్షిణపు చూరు కింద జే గొట్టం మీద, నేల నుంచి 22 అడుగులు. నేల మీద పరీక్షలో 5కి టీవీ మీటర్ 61, పైన 88. 8కి నేల మీద 40, పైన 79. 190 కన్నా 195 డిగ్రీల దగ్గర 8 మెరుగ్గా ఉంది, మిగతావి మారలేదు, అందుకని అక్కడే బిగించాం. నాలుగు దారుల స్ప్లిటర్ పెట్టాక దూరపు గదిలో 5 మీటర్ 80. ఆంప్లిఫయర్ లేదు. నాలుగు సాయంత్రాలుగా 5 విరగలేదు. ఒక్క సందేహం: పడకగది టీవీ ఇంకా కొనలేదు, స్ప్లిటర్‌లో ఆ దారి ఖాళీగా ఉంది. అలా వదిలేయొచ్చా?

రాగితీగ

వదలకండి. ఖాళీ దారికి 75 ఓమ్‌ల టెర్మినేటర్ టోపీ బిగించండి, రెండు డాలర్లు కూడా ఉండదు. లేకపోతే అక్కడ తగిలి వెనక్కొచ్చిన సిగ్నల్ మిగతా మూడు గదుల్లో చిన్న ప్రతిధ్వని అవుతుంది.

బయట కేబుల్ ఇంట్లో దూరేముందు అరచేతి లోతున కిందికి వంచి తిరిగి పైకి తీసుకెళ్లండి, వాన నీరు ఆ వంపు నుంచి కారిపోతుంది. యాంటెన్నా దగ్గరి కనెక్టర్‌కి లోపల సిలికాన్ గ్రీజు, పైన తనకు తానే అంటుకునే రబ్బరు టేపు చుట్టండి. మామూలు కరెంటు టేపు టెక్సస్ ఎండకి ఒక్క వేసవిలో జారిపోతుంది. కొన్ని నెలల తరవాత వాన పడ్డప్పుడల్లా పై ఛానెళ్లు, ముఖ్యంగా 35 మీద వచ్చే 4, తగ్గుతుంటే ఆ కనెక్టర్ విప్పి చూడండి. మధ్య రాగి నల్లగానో పచ్చగానో మారి ఉంటే నీరు దూరినట్టే, ఆ చివర ఒక అడుగు కోసేసి కొత్త కంప్రెషన్ కనెక్టర్ వేయండి.